మూడు గంటల దారి

కరీంనగర్,
మే 30

అక్కకు,

మంజుల రాస్తున్నాను. ఈ కాలంలో ఉత్తరమేంటని విడ్డూరపడకు. నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లూ బావే ఎత్తాడు. "మీ అక్క ఇంట్ల లేదమ్మా" అన్నాడు. ఎప్పుడు చేసినా నువ్వు ఇంట్లో లేకపోతే వంట ఎవరు చేస్తున్నారో మరి. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

మీరు దినం చేసి వెళ్లి ఎనిమిది రోజులయింది. ఇంట్లో నేనూ బిడ్డా మిగిలాం. నిన్న సింధుజ ఫోన్‌లో ఏదో కొడుతూ కూర్చుంది. చూస్తే, మస్కట్ నుంచి హైదరాబాద్‌కు ఎంత దూరమని వెతుకుతోంది. గాలి దారిన రెండు వేల రెండు వందల కిలోమీటర్లు, విమానంలో మూడు గంటలు అని వచ్చింది. "అవ్వా, మూడు గంటలే గద. మరి బాపు వచ్చెతందుకు ఎనిమిది దినాలు ఎందుకు పట్టింది?" అని అడిగింది. ఆరో తరగతికి పోయే నా కూతురికి తండ్రి సంగతి ఏం చెప్పను? ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు బస్సులో ఐదున్నర గంటలు. లెక్క ప్రకారం మీకంటే మస్కటే నాకు దగ్గర.

పిల్ల అడిగింది కానీ, ఆ మాట నా లోపల కూడా తిరుగుతూనే ఉంది. మా ఆయన, అదే నీ మరిది, పోయింది పన్నెండో తేదీ పున్నమి రాత్రి అన్నారు. పెట్టె వచ్చింది ఇరవై తారీఖున. ఎనిమిది రోజులు ఐసులో పెట్టిన మనిషి ముఖం చూడకూడనంతగా పాడవుతుందా అక్కా? బావ పెట్టె మీద చెయ్యి పెట్టి "ఇప్పొద్దు, చూసెటట్టు లేదు" అన్నాడు. మూత మీద అంటించిన కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. పదహారేళ్లు కాపురం చేసి, చివరికి చెక్కను పట్టుకుని ఏడ్చాను. ముఖం ఒక్కసారి చూసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

అసలు పని చెబుతాను. జూన్ పదిన నెల మాసికం పెట్టాలి. పంతులు సరిగ్గా ఏ గంటకు పోయాడని అడుగుతున్నాడు. "మస్కట్ గడియారం మనకన్నా గంటన్నర ఎన్కకుంటదమ్మా. రాత్రిపూటైతే తిథి మారుతది" అన్నాడు. ఆ వివరం బావ చింపుకున్న కాగితంలో ఉంటుంది. దాన్ని ఫొటో తీసి పంపినా చాలు.

మమత కొత్త కాపురం ఎలా ఉంది? దాని పెళ్లిలో నీ మీద కాస్త కోపం తెచ్చుకున్నాను, ఇప్పుడు చెప్పేస్తే పోతుంది. ముత్తయిదువలమంతా పసుపు దంచుతుంటే నా చేతిలోంచి రోకలి తీసుకున్నావు. కుమ్మరింటి నుంచి పెళ్లికి అయిరేని కుండలు తేవడానికి అందరినీ పిలిచి, నన్ను మాత్రం "పొయ్యి కాడ ఉండు చెల్లె, పప్పు మాడుతది" అన్నావు. కొత్త చుట్టాల ముందు, మస్కట్ పోకముందు మగ్గాలు నడిపినవాడి భార్య నీకు తోడికోడలని చెప్పుకోవడం ఎందుకనుకున్నావేమోనని కుళ్లుకున్నాను. మూడు రోజులు తిరగకుండానే నా బొట్టు పోయింది. ఇంక ఆ పట్టింపులు దేనికి?

కాగితం మరిచిపోకు.

నీ చెల్లె,
మంజుల


ఆదిలాబాద్,
జూన్ 5

చెల్లె మంజులకు,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చి ఆలోచనలు వస్తాయి. కుట్టు మిషన్ మళ్లీ మొదలుపెట్టు. చేతికి పనుంటే మనసు ఊరుకుంటుంది.

కాగితాలన్నీ అరబ్బీలో ఉన్నాయి. నీకూ అర్థం కావు, పంతులుకూ అర్థం కావు. బావ బీరువాలో పెట్టి తాళం చెవి తన దగ్గరే ఉంచుకున్నాడు. పంతులుకు పున్నమి అని చెప్పు, చాలు. గంటలు, నిమిషాలు దేవుడికి తెలియవా?

విమానం మూడు గంటలే, ఎక్కేది బతికున్న మనిషైతే. శవానికి ఆసుపత్రి కాగితం, పోలీసు కాగితం, ఎంబసీ కాగితం, ఎన్ని ఉంటాయని. మా వీధిలోనే ఒకతను రావడానికి రెండు నెలలు పట్టింది. మనవాడు ఎనిమిది రోజులకు వచ్చాడంటే బావ ఎంత తిరిగాడో ఆలోచించు. సింధుజకు ఆ ఫోన్ ఇవ్వకు. ఇప్పటి పిల్లలకు లెక్కలు ఎక్కువయ్యాయి.

రోకలి సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా? నీ అరచేతులకు బొబ్బలెక్కి ఉన్నాయని తీసుకున్నాను. కుండల పూట వంటింట్లో నమ్మకమైన మనిషి కావాలి. మనవాళ్లు కాకపోతే ఇంకెవరు చూస్తారు?

మమత ఇచ్చోడలో అత్తగారింట్లో బాగానే ఉంది. అత్త మంచిదే, కాకపోతే శకునాలు, పట్టింపులు ఎక్కువ. తుమ్మితే ప్రయాణం ఆపుతుంది. అందుకే చెబుతున్నాను, తేదీలు, గంటలు అంటూ నలుగురిలో మాట్లాడకు. మనసు కుదుటపడ్డాక రా, కొండగట్టు అంజన్న గుడికి పోయి వద్దాం.

మీ అక్క,
బాలలక్ష్మి


కరీంనగర్,
జూన్ 11

అక్కా,

నిన్న నెల మాసికం. పొద్దున్నే విస్తరి వేసి డాబా మీద పెట్టాను. పిట్ట రాలేదు. ఆయనకు ఇష్టమని చేపల పులుసు వండాను, మిర్చి బజ్జీలు పెట్టాను. ఎదురింటి తీగ మీద నాలుగు కాకులు కూర్చుని చూశాయే తప్ప ఒక్కటీ దిగలేదు. గంటసేపు నేనూ సింధుజా ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అప్పుడు కింద గేటు చప్పుడైంది. మక్బూల్ అన్న వచ్చాడు. నీకు గుర్తుండాలి, మస్కట్‌లో మా ఆయనతో ఆరేళ్లు ఒకే గదిలో ఉన్న మనిషి, జగిత్యాల ఆయన. సెలవు మీద వచ్చాడు. మా ఆయన సంచి తెచ్చిచ్చాడు. పైకి వచ్చి విస్తరి చూసి, జేబురుమాలు తల మీద కప్పుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత అన్నాడు, "ఇయ్యాల్టికి నలభై దినాలు చెల్లె. మా దాంట్ల చాలీస్వా అని ఫాతియా సదువుతం. మావోడు కాకపాయె గానీ, నాకు తమ్ముడే గద. గందుకే గీ దినం చూసుకొనే వచ్చిన."

"నలభై కాదన్నా, ముప్పై" అన్నాను.

"ముప్పై ఎట్లయితయి? జుమ్మా నమాజు చేసి గదికి వచ్చేసరికి పండుకున్నోడు పండుకున్నట్టే ఉండె. మొదలు చూసింది నేనే గద. గా సాయంత్రమే మీ బావకు ఫోన్ చేసిన" అన్నాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా "జర నీళ్లియ్యి చెల్లె" అన్నాడే కానీ ఇంకో మాట మాట్లాడలేదు.

నమాజు చేసుకునే మనిషి జుమ్మా తప్పు చెప్పడు. పున్నమి సోమవారం. జుమ్మా శుక్రవారం. నిన్నటి నుంచి వెనక్కి నలభై రోజులు లెక్కబెట్టాను. మే రెండో తారీఖు, శుక్రవారం. మమత పెళ్లి తొమ్మిదో తారీఖు, ఆ తర్వాతి శుక్రవారం.

నా అరచేతులకు బొబ్బలు లేవక్కా. మిషన్ కుట్టేదానికి బొబ్బలెందుకు ఎక్కుతాయి?

నాకు అనుమానం రాకుండా ఉండాలంటే నన్ను అందరితో పాటు రోకలి పట్టనివ్వాలి, అందరితో పాటు కుండ ఎత్తనివ్వాలి. అంత మాత్రం ధైర్యం నీకు చాలలేదు. అన్నీ దాచగలిగావు కానీ, ముండమోసిన చెయ్యి నీ బిడ్డ పసుపుకు తగిలితే మాత్రం ఓర్చుకోలేకపోయావు. నేను విధవనని నాకంటే ముందు నీ రోకలికి తెలుసు.

అది అబద్ధమని ఒక్క ముక్క రాయి. నమ్మడానికి ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నాను.

మంజుల


ఆదిలాబాద్,
జూన్ 19

చెల్లె,

అబద్ధం కాదు. మాకు తెలుసు.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతుంటే ఫోన్ వచ్చింది. మీ బావ మెట్ల మీద కూలబడ్డాడు. కూలీలు వింటారని కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. సొంత తమ్ముడు, ఆయన ఏడవలేదని మాత్రం అనుకోకు. అరగంటకు లేచి ముఖం కడుక్కుని, "సచ్చినోడు ఏడికి పోతడు. పెండ్లి పోతె మల్ల రాదు" అన్నాడు. ఆ మాట ఆయన అన్నాడు, నేను ఔనన్నాను.

మమతకు మొదటి సంబంధం ఎలా పోయిందో నీకు తెలుసు. మాట ఖాయమైన వారానికి పిల్లగాడి తాత పోయాడు. దీని అడుగు మంచిది కాదన్నారు. మూడేళ్లు ఒక్కరు మా గడప తొక్కలేదు. ఇప్పుడు పెళ్లికి వారం ముందు సొంత చిన్నబాపు పోయాడంటే ఈ ఇచ్చోడ వాళ్లు ఉంటారా? మైల పదకొండు రోజులు, ఆపైన ఏడాది దాకా శుభకార్యం లేదు. ఏడాది ఆగే మనుషులు కారు వాళ్లు. నా బిడ్డ ఇంట్లోనే ముసలిదయ్యేది. నా బిడ్డ కోసం దాచాను. నీకూ ఆడబిడ్డ ఉంది, రేపు దాని పెళ్లి వేళకు నీకూ తెలుస్తుంది.

రోకలి తీసుకున్నందుకు తిట్టు, పడతాను. నీతో కుండ మోయించి ఉంటే నాకు ముద్ద దిగేది కాదు. నేను ఇలాగే పెరిగాను, ఇప్పుడు మారమంటే మారను. నిజం చెప్పి ఉంటే నీ గాజులు పది రోజుల ముందే పగలగొట్టేవాళ్లు. ఆ పది రోజులు బొట్టుతో, పూలతో ఉన్నావు. అలా చూస్తే నీకు పోయిందేంటి?

ముఖం చూడలేదన్నావు. అందులో మా తప్పు లేదు. చెప్పినా చెప్పకపోయినా ఆ దేశంలో కాగితాలకు అన్ని రోజులూ పట్టేవే. అంజన్న మీద ఒట్టేసి చెబుతున్నాను, ఆ ఆలస్యం మాది కాదు.

ఈ ఉత్తరం చదివి చింపేయి.

బాలలక్ష్మి


కరీంనగర్,
జూలై 2

బాలలక్ష్మి గారికి,

మీ ఒట్టు అందింది. అంజన్నను ఇందులోకి లాగకుండా ఉండాల్సింది.

మక్బూల్ అన్నకు ఫోన్ చేశాను. ఈసారి మీ ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని, "ఇంక దాస్తే నాకు పాపం" అని చెప్పాడు. మే నాలుగో తారీఖున అక్కడివాళ్లు ఇంటివాళ్ల ఒప్పుకోలు కాగితం అడిగారట. రక్తసంబంధీకుడి సంతకం ఒక్కటి, ఫొటో తీసి ఫోన్‌లో పంపితే చాలు. మిగతావన్నీ వాళ్లే తయారు చేసి పెట్టుకున్నారు. మక్బూల్ అన్న రోజూ ఫోన్ చేస్తే బావ రోజూ "రేపు" అన్నాడు. ఆ కాగితం పద్నాలుగో తారీఖున పోయింది. అది అందిన ఆరో రోజుకు పెట్టె హైదరాబాద్‌లో దిగింది. నాలుగునే పంపి ఉంటే పదో తారీఖుకే దిగేది. నేను ముఖం చూసేదాన్ని. సింధుజ వాళ్ల బాపును చూసేది.

రెండు వేల రెండు వందల కిలోమీటర్లలో ఆలస్యం ఎక్కడా జరగలేదు. అదంతా ఆదిలాబాద్‌లో, బావ జేబులో జరిగింది. పెళ్లి అయిపోయేదాకా ఆయన్ను అక్కడే పడుకోబెట్టారు. మీ ఇంటి ముందు బ్యాండు వాళ్లు వాయిస్తున్నప్పుడు ఆయన ఐసులో ఒక్కడే ఉన్నాడు.

నాకు పోయిందేంటని అడిగారు. చెబుతాను. మక్బూల్ అన్న ఇచ్చిన సంచి చాలా రోజులు విప్పలేదు. మొన్న విప్పి, ఆయన ఫోన్ చార్జింగ్ పెట్టాను. సింధుజ దానికి నెట్ కలిపింది. ఇంక అది మోగుతూనే ఉంది. నేను ఆదిలాబాద్ నుంచి పంపిన పెళ్లి ఫొటోలు, నలభై ఒకటి. పందిరి, మమత మెహందీ, బావ కొత్త పంచె. నా ఫోన్‌లో ఒక్క గీత దగ్గర ఆగిపోయినవన్నీ ఒకటొకటిగా రెండు గీతలయ్యాయి. చివర నా గొంతు. "ఏందయ్యా, అన్న బిడ్డ పెండ్లి, ఒక్కసారన్న ఫోన్ చెయ్యవా? అలిగినవా?"

ఆ మాట నేను ఫోన్‌లో చెబుతున్నప్పుడు మీరు నా పక్కనే కూర్చుని మమతకు జడ వేస్తున్నారు. "మస్కట్ల సిగ్నల్ మంచిగ ఉండది తియ్ చెల్లె" అన్నారు. జడ వేయడం ఆపలేదు.

చచ్చిపోయిన మనిషిని అలిగావా అని అడిగించారు నా చేత. నాకు పోయింది అది.

ఉత్తరం చింపలేదు. దాచాను.

మంజుల


ఆదిలాబాద్,
ఆగస్టు 20

చెల్లె,

నన్ను మీరు, గారు అని రాశావు. పదహారేళ్లలో అలా ఎప్పుడూ పిలవలేదు. జవాబు రాయాలని నాలుగుసార్లు కూర్చుని లేచాను.

సంతకం కాగితం సంగతి నాకు తెలియదు. నన్ను నమ్మాల్సిన అవసరం నీకు లేదు, అయినా రాస్తున్నాను. తెలియకుండానే అంజన్న మీద ఒట్టు పెట్టాను. నీ ఉత్తరం ముందు పెట్టి మీ బావను అడిగాను. "నీకు చెప్తె నువ్వు ఆపుతుంటివా?" అన్నాడు. ఆపేదాన్ని కాదు చెల్లె. అది తెలిసినప్పటి నుంచి నాకు నా మీదే అసహ్యంగా ఉంది.

నీ చేతిలోంచి రోకలి లాక్కున్నప్పుడు నీ ఆకుపచ్చ గాజులు నా చేతికి తగిలి గలగలమన్నాయి. అప్పటి నుంచి నేను ఆకుపచ్చ గాజులు వేసుకోవడం మానేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఇంకో సంగతి. మమతకు మూడో నెల. దానికి ఇవేవీ తెలియవు. చిన్నమ్మ ఎందుకు ఫోన్ ఎత్తడం లేదని అడుగుతోంది. మైలలో తాళి కట్టించారని వాళ్ల అత్త చెవిన పడితే దాన్ని ఇంట్లో ఉంచదు. కడుపులో ఉన్నదానికి ఏ చిన్న తేడా వచ్చినా అందుకేనంటుంది. నా బిడ్డ బతుకు ఇప్పుడు నీ నోట్లో ఉంది. నీ కాళ్లు మొక్కుతాను, ఎవరికీ చెప్పకు.

బావ స్నానానికి పోయినప్పుడు తాళం తీసి, పెట్టె మీది కాగితం తీశాను. ఇందులో పెడుతున్నాను. అరబ్బీ కింద ఇంగ్లీషులో కూడా ఉంది. నీకు అబద్ధం చెప్పాను.

బాలలక్ష్మి


కరీంనగర్,
సెప్టెంబర్ 3

మమత తల్లికి,

కాగితం అందింది. మే రెండు, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు అని ఉంది. మన గడియారంలో మూడు నలభై. ఆ వేళకు నేను మమత పెళ్లికి కట్టుకోబోయే చీరకు ఫాల్ కుట్టుకుంటున్నాను. పంతులుకు చూపించాను. "వైశాఖ శుద్ధ షష్ఠి. ఇంక అనుమానం లేదమ్మా" అన్నాడు.

ఎవరికీ చెప్పను. నీ ముఖం చూసి కాదు, మీ ఆయన ముఖం చూసి అసలే కాదు. సంచి అడుగున ఒక చీర, రెండు సెంటు సీసాలు ఉన్నాయి. చీర కవరు మీద నీలం ఇంకుతో "మమత పెండ్లికి" అని ఆయన చేతిరాత. సెలవు దొరకలేదని, ముందే తెచ్చిచ్చే మనిషి కోసం వెతికాడట, మక్బూల్ అన్న చెప్పాడు. ఆయన దీవించాలనుకున్న పిల్లను నేను శపించలేను. అవి పార్సిల్‌లో పంపుతున్నాను. చిన్నబాపు మస్కట్‌లో కొన్నాడని చెప్పు. నిజం కాబట్టి చెప్పడం నీకు కొంచెం కష్టమవుతుంది.

మమతకు ఫోన్ చేస్తాను. శ్రీమంతానికి మాత్రం పిలవకు. నన్ను ఎక్కడ నిలబెట్టాలో తెలియక మళ్లీ పప్పు మాడుతుందంటావు.

ఊరికే నోరు మూసుకుంటాననుకోకు. వచ్చే వైశాఖ శుద్ధ షష్ఠికి ఆయన సంవత్సరీకం. నువ్వూ బావా రావాలి. ఆ ఒక్క ఏడే కాదు, ఏటా రావాలి. అది మీ బిడ్డ పెళ్లి తిథికి వారం ముందు పడుతుంది. మీరు ఊరందరికీ చెప్పిన పున్నమిని వదిలి షష్ఠికి ఎక్కడికి పోతున్నారని వియ్యంకులు అడుగుతారు. ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం, అబద్ధాలు మీకు కొత్త కాదు. విస్తరి బావ తన చేత్తో పెట్టాలి. పిట్ట ముట్టేదాకా నాతో పాటు, సింధుజతో పాటు మీరిద్దరూ ఎండలో నిలబడాలి. రాని ఏడు, నా దగ్గరున్న మీ ఉత్తరం ఇచ్చోడకు పోస్టు చేస్తాను.

ఆదిలాబాద్‌లో పొద్దున బస్సెక్కితే ఐదున్నర గంటలు. దారిలో బస్సు చెడిపోయినా, ఆలస్యమైనా కంగారు పడకండి. మూడు గంటల దారికి మీకోసం ఆయన పద్దెనిమిది రోజులు ఆగాడు. మేం ఒక పూట ఆగుతాం.

సిద్దిరాములు భార్య,
మంజుల